స్టీరియో కన్నా ముందు తలుపు: పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో పాట బాగా వినిపించాలంటే

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో కంపెనీ స్టీరియో మూలగడం మొదలుపెట్టగానే అందరి చూపూ డ్యాష్‌బోర్డ్ మీదకే వెళ్తుంది. ఆ పాత డబ్బాను ఊడదీసి, పెద్ద తెర ఉన్న కొత్తదాన్ని బిగిస్తారు. ఫోను కలుస్తుంది, మ్యాప్ కనిపిస్తుంది. పాట మాత్రం నిన్నటిలాగే ఉంటుంది, కాకపోతే ఇంకాస్త గట్టిగా గరగరలాడుతుంది. దీనికి కారణం ఉంది. ఇరవై ముప్ఫై ఏళ్లు నడిచిన జీపులోనో, ల్యాండ్ క్రూయిజర్‌లోనో పాటను పాడుచేసేవి ఎక్కువగా డ్యాష్‌బోర్డ్‌లో ఉండవు. తుప్పు పట్టిన ఎర్త్ తీగలో, చివికిపోయిన స్పీకర్ అంచులో, పల్చటి తలుపు రేకులో ఉంటాయి. అందుకే ఈ పనిని అలవాటైన వరుసకు ఎదురుగా చేయాలన్నది నా గట్టి అభిప్రాయం. ముందు కరెంటు, తరువాత స్పీకర్లు, వాటిని మోసే తలుపులు, ఆ తరువాతే హెడ్ యూనిట్, అంటే డ్యాష్‌బోర్డ్‌లో కూర్చునే స్టీరియో డబ్బా. యాంప్లిఫైయర్ అవసరమా కాదా అన్నది ఇవన్నీ అయ్యాక దానంతట అదే తేలుతుంది.

బండిలో కరెంటు ఎలాంటిది?

ఈ ప్రశ్న అడగకుండా కొత్త స్టీరియో కొంటే ఒక్క నిమిషంలో అది కాలిపోవచ్చు. మార్కెట్లో దొరికే స్టీరియోలు దాదాపు అన్నీ 12 వోల్టులకు, నెగటివ్ ఎర్త్‌కు, అంటే బ్యాటరీ నెగటివ్ చివర బాడీకి కలిసి ఉండే పద్ధతికి తయారైనవే. 1980లలో కొన్ని మార్కెట్ల కోసం చేసిన డీజిల్ ల్యాండ్ క్రూయిజర్లు 24 వోల్టులవి. సైన్యం వాడిన ల్యాండ్ రోవర్లలోనూ 24 వోల్టులవి ఉన్నాయి. ఇంకా వెనక్కి వెళ్తే, 1950ల నాటి ల్యాండ్ రోవర్లలో బ్యాటరీ పాజిటివ్ చివరనే బాడీకి కలిపేవారు. కాబట్టి మొదటి పరికరం మల్టీమీటర్. పాత రేడియో వెనుక తీగ దగ్గర ఎన్ని వోల్టులు వస్తున్నాయో, ఏ చివర బాడీకి కలిసి ఉందో కొలిచి చూసుకోవాలి.

24 వోల్టుల బండిలో రెండు బ్యాటరీలు వరుసగా కలిసి ఉంటాయి. వాటిలో ఒకదాని నుంచి మాత్రమే 12 వోల్టులు లాగి రేడియోకు ఇచ్చేయడం చాలా బండ్లలో కనిపించే అడ్డదారి. ఆ ఒక్క బ్యాటరీ రోజూ కాస్త ఎక్కువ ఖాళీ అవుతుంది. ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీలను ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ మాత్రం రెండింటికీ ఒకే కరెంటు పంపుతుంది. చివరికి ఒకటి ఎప్పుడూ నిండదు, రెండోది మితిమీరి ఛార్జ్ అవుతుంది, రెండూ త్వరగా పోతాయి. 24 నుంచి 12కు దించే కన్వర్టర్ పెట్టడమే సరైన పద్ధతి. దాని సామర్థ్యం ఆంపియర్లలో చూడాలి. హెడ్ యూనిట్ ఒక్కదానికి 10 ఆంపియర్లది సాధారణంగా సరిపోతుంది. యాంప్లిఫైయర్ కూడా పెడితే ఆ లెక్క మారుతుంది.

ఇక ఎర్త్. ఈ బండ్లలో చాలావాటికి నిచ్చెన ఆకారపు ఛాసిస్ ఉంటుంది, దానిమీద రబ్బరు దిమ్మల మీద బాడీ కూర్చుంటుంది. రబ్బరు కరెంటును పోనివ్వదు. అందుకే ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ, ఛాసిస్‌కూ బాడీకీ మధ్య అల్లిన తీగ పట్టీలు వేస్తారు. బురదలో, నీళ్లలో తిరిగిన బండిలో మొదట చివికేవి ఈ పట్టీలే. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ నెగటివ్ చివరకూ, డ్యాష్‌బోర్డ్ వెనుక లోహానికీ మధ్య వోల్టేజీ కొలవండి. అది 0.2 వోల్టులు దాటితే ముందు ఆ పట్టీలు మార్చాలి, బోల్టు కూర్చునే చోట రంగు గీకి మెరిసే లోహం చూపించాలి. స్టీరియోలో వినిపించే కూతలకు సగం మందు ఇక్కడే ఉంది.

స్పీకర్ తీగల్లో మరో చిక్కు దాగి ఉంటుంది. కొన్ని పాత బండ్లలో స్పీకర్ల నెగటివ్ తీగలను విడివిడిగా రేడియో దాకా తేకుండా, రెండింటినీ కలిపేసి లేదా నేరుగా బాడీకి బిగించేసి తీగ ఆదా చేశారు. అప్పటి రేడియోలకు అది సరిపోయింది. ఇప్పటి హెడ్ యూనిట్లు స్పీకర్ రెండు చివరలనూ నడుపుతాయి. బాడీతో పోలిస్తే రెండు తీగల్లోనూ దాదాపు సగం బ్యాటరీ వోల్టేజీ ఉంటుంది. అందులో ఒకటి బాడీకి తగిలితే లోపలి చిప్‌కు షార్ట్ అయినట్టే. పాత రేడియో ప్లగ్ తీసేసి, ప్రతి స్పీకర్ తీగకూ బాడీకీ మధ్య, నెగటివ్ తీగల మధ్య కలయిక ఉందేమో మీటర్‌తో చూడండి. ఉంటే ప్రతి స్పీకర్‌కూ రెండేసి కొత్త తీగలు లాగడం తప్పదు. పని విసుగనిపించినా, పాత తీగల ఇన్సులేషన్ ఎలాగూ పెళుసుబారి ఉంటుంది కనుక ఆ శ్రమ వృథా కాదు.

కంపెనీ ప్లగ్‌ను మాత్రం కోయకండి. చాలా బండ్లకు తగిన అడాప్టర్ తీగలు దొరుకుతాయి. దొరకకపోతే కొత్త తీగలు పక్కన వేసి, పాత ప్లగ్‌ను టేపు చుట్టి అలాగే వదిలేయవచ్చు. ఒకసారి కోసిన ప్లగ్ వెనుక ఎవరో ఏదో రంగు తీగకు మరేదో కలిపి పోతారు, తరువాత వచ్చినవారు ఆ చిక్కుముడి విప్పుకోవాలి. విడిగా కొనే స్టీరియోల్లో రంగులకు ఒక ఆనవాయితీ ఉంది. పసుపు ఎప్పుడూ కరెంటు ఉండే తీగ, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. నీలం మీద తెల్ల గీత ఉన్నది యాంప్లిఫైయర్‌ను మేల్కొలిపేది. స్పీకర్లలో తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనుక ఎడమ, ఊదా వెనుక కుడి. నల్ల గీత ఉంటే అది నెగటివ్. బండి వైపు తీగల రంగులు మాత్రం తయారీదారును బట్టి మారతాయి, వాటిని మీటర్‌తో తేల్చుకోవాల్సిందే. పసుపు, ఎరుపు తారుమారైతే తాళం తీసిన ప్రతిసారీ స్టేషన్లు, సెట్టింగులు చెరిగిపోతాయి. రెండింటినీ పసుపు చోటే కలిపేస్తే కొన్ని రోజులు ఆగిన బండి స్టార్ట్ కాకపోవచ్చు.

డబ్బా మీద రాసిన వాట్లు

పెట్టె మీద "50 వాట్లు × 4" అని ఉంటుంది. ఆ సంఖ్య ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే కొనుగోలులో సగం గందరగోళం తీరుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు దొరికే 14.4 వోల్టులను వర్గం చేసి, స్పీకర్ నిరోధం 4 ఓమ్‌లతో భాగించండి. దాదాపు 52 వస్తుంది. అంటే చిప్ తన దగ్గరున్న వోల్టేజీ మొత్తాన్ని ఎడతెగకుండా స్పీకర్‌కు కుమ్మరిస్తే వచ్చే లెక్క అది. ఆ స్థితిలో వినిపించేది సంగీతం కాదు, పూర్తిగా చదునైపోయిన తరంగం. శుద్ధమైన స్వరానికి సిద్ధాంతం ప్రకారం గరిష్ఠం 26 వాట్లు, చిప్‌లో నష్టాలు పోగా చేతికి వచ్చేది 18, 20. సీటీఏ-2006 అనే ప్రమాణం ప్రకారం కొలిచిన సంఖ్య ఇచ్చి ఉంటే దాన్నే నమ్మండి. 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌లకు, వక్రీకరణ 1 శాతం దాటకుండా కొలిచింది అది.

పాత కంపెనీ రేడియో చిప్ స్పీకర్ ఒక చివరను మాత్రమే నడిపే రకమైతే, అదే లెక్కలో దానికి దక్కేది 6 వాట్లకు కాస్త పైన, అసలుకు ఇంకా తక్కువ. కాబట్టి కొత్త హెడ్ యూనిట్ నిజంగానే మూడు నాలుగు రెట్లు శక్తి తెస్తుంది. అయితే చెవికి నాలుగు రెట్లు అంటే 6 డెసిబెల్‌లే. శబ్దం రెట్టింపు అయినట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్‌లు, అంటే పది రెట్ల శక్తి కావాలి.

ఈ లెక్కలోనే స్పీకర్ విలువ బయటపడుతుంది. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందో చెప్పే సంఖ్యను సెన్సిటివిటీ అంటారు. 88 డెసిబెల్‌ల స్పీకర్ తీసి 91 ఉన్నది పెడితే, వాట్లను రెట్టింపు చేసినంత ఫలితం ఒక్క తీగ మార్చకుండానే వస్తుంది. ఒక జాగ్రత్త ఉంది. కొందరు తయారీదారులు ఒక వాట్‌కు బదులు 2.83 వోల్టుల దగ్గర కొలిచి రాస్తారు. 4 ఓమ్‌ల స్పీకర్‌కు అది రెండు వాట్లు, కనుక ఆ సంఖ్యలో 3 డెసిబెల్‌లు ఊరికే కలిసి ఉంటాయి. చిన్న అక్షరాలు చదివి, ఒకే పద్ధతిలో కొలిచినవాటినే పోల్చండి.

తలుపు అనే స్పీకర్ పెట్టె

ఇంట్లో స్పీకర్‌కు చెక్క పెట్టె ఉంటుంది. బండిలో ఆ పెట్టె తలుపే. అందులోనూ పాత ఫోర్ వీల్ డ్రైవ్ తలుపు చాలా చెడ్డ పెట్టె. బయటి రేకు పల్చన, లోపలి రేకు నిండా అద్దం యంత్రాంగం మరమ్మతుకు వదిలిన పెద్ద కంతలు. వాటిని కప్పిన ప్లాస్టిక్ కాగితం ఎప్పుడో చిరిగిపోయి ఉంటుంది.

స్పీకర్ కోన్ ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనుక గాలి పల్చబడుతుంది. ఈ రెండు అలలూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. 100 హెర్ట్జ్ స్వరం అల పొడవు దాదాపు 3.4 మీటర్లు. జానెడు దూరంలో ఉన్న కంతలోంచి వెనుక అల బయటికి వస్తే, అంత పొడవైన అలకు ఆ జానెడు లెక్కలోకి రాదు. రెండూ ఎదురెదురుగా కలిసి ఒకదాన్నొకటి తుడిచేస్తాయి. మద్దెల, బేస్ గిటార్ వినిపించే భాగం అలా తలుపులోనే మాయమవుతుంది. ఆ తలుపుకు పెద్ద యాంప్లిఫైయర్ తగిలించడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

కాబట్టి తలుపు ప్యాడ్ విప్పాలి. ముందు స్పీకర్‌ను చూడండి. అంచు ఫోమ్‌తో చేసినదైతే వేలు తగలగానే పొడిగా రాలుతుంది. కాగితపు కోన్ నీళ్లు తాగి, ఎండి, మళ్లీ తాగి ముడతలు పడి ఉంటుంది. కొత్తవి కొనేటప్పుడు రబ్బరు అంచు, పాలీప్రొపిలీన్ కోన్ ఉన్నవి తీసుకోండి. మంచి కాగితపు కోన్ వినడానికి హాయిగా ఉంటుందన్న మాట నిజమే. నీళ్లలోకి దిగే బండి తలుపులో అది ఎక్కువ కాలం ఉండదు.

అద్దాన్ని పూర్తిగా దించి, రేకు అంచు నుంచి అద్దం దాకా లోతు కొలవండి. స్పీకర్ వెనుక అయస్కాంతానికి అంతకన్నా తక్కువ లోతే ఉండాలి. చాలకపోతే రింగు వేసి స్పీకర్‌ను కాస్త ముందుకు తీసుకురావచ్చు. ఆ రింగును ఎండీఎఫ్ చెక్కతో చేయకండి. తడికి అది బూరెలా ఉబ్బి స్క్రూలు వదిలేస్తుంది. దళసరి ప్లాస్టిక్ పలకతో చేసిన రింగు బండి ఉన్నంత కాలం ఉంటుంది. ల్యాండ్ రోవర్ డిఫెండర్‌లాంటి బండ్ల తలుపులకు ఉక్కు చట్రం మీద అల్యూమినియం రేకు ఉంటుంది. అల్యూమినియం, ఉక్కు తడిలో కలిసిన చోట తుప్పు వేగంగా పాకుతుంది కనుక అక్కడ స్క్రూల కింద ప్లాస్టిక్ వాషర్ వేయండి.

బయటి రేకు లోపలి వైపున బ్యూటైల్ షీట్ ముక్కలు అతికించాలి. ఇవి జిగురైన రబ్బరు పొర మీద అల్యూమినియం రేకు ఉన్న షీట్లు. రేకు కంపించినప్పుడు మధ్యలో రబ్బరు నలిగి, ఆ కదలికను కాస్త వేడిగా మార్చేస్తుంది. రేకు మొత్తం కప్పనక్కర లేదు, మధ్య భాగంలో పావు వంతు విస్తీర్ణం చాలు. మిగిలిన డబ్బును కంతలు మూయడానికి పెట్టండి. ఇళ్ల పైకప్పులకు వాడే తారు షీట్లు చవకగా దొరుకుతాయి గానీ, ఎండలో మెత్తబడి జారుతాయి, వాసన వదలదు. లోపలి కంతలను పల్చటి అల్యూమినియం పలకలతో, స్క్రూలు బిగించి మూయాలి. రేపు అద్దం రెగ్యులేటర్ పాడైతే విప్పగలిగేలా ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం, తలుపు అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు. అద్దం పక్కనుంచి వాన నీళ్లు ఎప్పుడూ లోపలికి దిగుతూనే ఉంటాయి. అవి ఈ రంధ్రాల గుండా పోతాయి. షీట్ ముక్క జారి వాటిని మూసిందంటే తలుపు తొట్టి అవుతుంది, రెండేళ్లలో అడుగు రేకు తుప్పుతో రాలిపోతుంది. అందుకే అడుగు నుంచి నాలుగు వేళ్ల ఎత్తు దాకా ఏమీ అతికించకండి. వెనుక ప్లాస్టిక్ కాగితం కొత్తది వేసి, దాని కింది అంచు తలుపు లోపలికి వెళ్లేలా పెట్టండి.

హెడ్ యూనిట్ ఎంపిక

పాత బండికి ఇక్కడ ఒక అదృష్టం కలిసొచ్చింది. జర్మనీ ప్రమాణంగా మొదలై, 1984లో ఐఎస్ఓ 7736 అనే అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడిన కొలత ప్రకారం ముందు భాగం 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. దాన్నే సింగిల్ డిన్ అంటాం. ఎత్తు రెట్టింపైతే డబుల్ డిన్. టయోటా బండ్లలో చాలావాటి ఖాళీ 200 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, పక్కల పట్టీలు వేస్తే సరిపోతుంది. అంతకన్నా పాత బండ్లలో రెండు గుండీలకు రెండు రంధ్రాలు మాత్రమే ఉంటాయి. అక్కడ డ్యాష్‌బోర్డ్ కోయాలా వద్దా అన్నది పెద్ద నిర్ణయం, దాని సంగతి చివర్లో చెబుతాను.

డిస్క్ యంత్రాంగం లేని సింగిల్ డిన్ యూనిట్లకే నా ఓటు. లోపల కదిలే భాగాలు లేవు, దుమ్ముకూ కుదుపులకూ పాడయ్యేది తక్కువ. లోతు కూడా తక్కువ కనుక వెనుక తీగలకు చోటు దొరుకుతుంది. గొంతు పెంచడానికి తిప్పే గుండీ తప్పనిసరిగా ఉండాలి. రాళ్ల దారిలో బండి ఊగుతున్నప్పుడు టచ్ తెర మీద వేలు అనుకున్న చోట పడదు, కళ్లు దారి మీదనుంచి మళ్లుతాయి. సింగిల్ డిన్ చోట బిగించి ముందుకు వేలాడే పెద్ద తెరలు కుదుపులకు బిగువు కోల్పోతాయి, చాలాసార్లు గాలి వచ్చే మూతికి అడ్డం పడతాయి.

తెర కన్నా లోపలి సౌకర్యాలు ముఖ్యం. హై పాస్ ఫిల్టర్, అంటే మనం పెట్టిన హద్దు కన్నా లోతైన స్వరాలను స్పీకర్‌కు పోనివ్వనిది, ఉండాలి. ఒక స్పీకర్ అంతే గట్టిగా వినిపిస్తూ ఒక ఆక్టేవ్, అంటే హెర్ట్జ్ సంఖ్య సగమయ్యేంత, కిందికి దిగాలంటే కోన్ నాలుగు రెట్లు దూరం కదలాలి. డ్యాష్‌బోర్డ్‌లోని 4 అంగుళాల స్పీకర్‌కు 60 హెర్ట్జ్ పంపితే అది ఆ కదలికలోనే అలసిపోయి, పాడే గొంతును కూడా చెడగొడుతుంది. దాన్ని 120 దగ్గర, తలుపులోని ఆరున్నర అంగుళాల స్పీకర్‌ను 80 దగ్గర కోసేస్తే, అదే వాట్లకు శబ్దం ఎంతో శుభ్రంగా, గట్టిగా వస్తుంది. ఖర్చు లేని ఈ ఒక్క సెట్టింగు చాలా బండ్లలో ఎవరూ ముట్టుకోరు. రెండోది టైమ్ అలైన్‌మెంట్. ధ్వని ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. డ్రైవర్‌కు దగ్గరి స్పీకర్‌ను ఆ లెక్కన కాస్త ఆలస్యం చేస్తే, పాడేవారు తలుపులోంచి కాకుండా ఎదురుగా ఉన్నట్టు వినిపిస్తారు.

యాంప్లిఫైయర్, కూత, బేస్

తలుపులు మూసి, ఫిల్టర్ పెట్టాక కూడా మట్టి టైర్ల హోరులో పాట మునిగిపోతుంటే అప్పుడు నాలుగు ఛానెళ్ల చిన్న యాంప్లిఫైయర్ గురించి ఆలోచించండి. ఛానెల్‌కు 50 అసలైన వాట్లు చాలు. కరెంటును తక్కువగా వృథా చేసే క్లాస్ డీ రకమైతే మొత్తం 200 వాట్లకు సుమారు 18 ఆంపియర్లు లాగుతుంది, అదీ గరిష్ఠంగానే. సంగీతం సగటు అందులో చిన్న భాగం. పాత ఆల్టర్నేటర్లలో చాలావాటి సామర్థ్యం 40 నుంచి 60 ఆంపియర్లు కనుక ఈ భారం మోస్తుంది. వెయ్యి వాట్ల కోరికను మోయదు.

బ్యాటరీ నుంచి 8 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఐదు మీటర్లు లాగితే, 18 ఆంపియర్ల దగ్గర పోయేది 0.2 వోల్టులే. రాగి పూత వేసిన అల్యూమినియం తీగలో నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు, ఆ తేడా ధరలో మిగిలిన దానికి తగదు. బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు ఉండాలి. తీగ ఎక్కడో రేకుకు ఒరుసుకుని షార్ట్ అయితే, ఫ్యూజుకు ముందున్న తీగను కాపాడేది ఏదీ ఉండదు. ఇంజిన్ గదిలోంచి లోపలికి దాటే చోట రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు గ్రోమెట్ లేకుండా తీగ లాగకండి. యాంప్లిఫైయర్‌ను సీటు కింద నేల మీద పెట్టడం మామూలు కార్లకు సరే. వాగులు దాటే బండిలో దాని చోటు వెనుక పక్క ప్యానెల్ ఎత్తులో ఉండాలి.

ఇంజిన్ వేగంతో పాటు పెరిగే సన్నని కూత వినిపిస్తే అది ఆల్టర్నేటర్‌ది. ఎక్కువసార్లు హెడ్ యూనిట్ ఎర్త్‌కూ యాంప్లిఫైయర్ ఎర్త్‌కూ మధ్య ఉన్న వోల్టేజీ తేడాయే ఆ కూతగా మారుతుంది. హెడ్ యూనిట్ నుంచి పాట సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ తీగలను యాంప్లిఫైయర్ దగ్గర పీకి చూడండి. కూత ఆగితే అది ముందు వైపు నుంచి వస్తోంది. ఆగకపోతే యాంప్లిఫైయర్ కరెంటు, ఎర్త్ తీగలు చూసుకోవాలి. ఆర్‌సీఏ తీగలను ఒక పక్కగా, కరెంటు తీగను మరో పక్కగా తీసుకెళ్లడం మంచిది. పెట్రోలు ఇంజిన్‌లో టకటకమని వినిపిస్తే అది స్పార్క్‌ల చప్పుడు, నిరోధం ఉన్న ప్లగ్ తీగలు వేస్తే తగ్గుతుంది. డీజిల్‌లో ఆ బాధ లేదు.

బేస్ విషయంలో పైకప్పు మూసిన బండికీ, తెరిచిన బండికీ పోలిక లేదు. మూసిన బండి లోపలి గాలి లోతైన స్వరాలను తనంతట తానే పెంచుతుంది, అందుకే చిన్న పెట్టెలో 8 అంగుళాల వూఫర్ (బేస్ స్పీకర్) కూడా నిండుగా వినిపిస్తుంది. కాన్వాస్ పైకప్పు జీపులో ఆ సహాయం అందదు. అక్కడ బేస్ కోసం తంటాలు పడేకన్నా స్పీకర్లను చెవులకు దగ్గరగా తేవడం మేలు. జీప్ రాంగ్లర్‌లో తల పైనున్న కడ్డీకి స్పీకర్లు బిగించిన సౌండ్ బార్ ఈ పనే చేస్తుంది.

పాత ముఖాన్ని అలాగే ఉంచాలనుకుంటే

రెండు గుండీల రేడియో ఉన్న డ్యాష్‌బోర్డ్‌ను కోయవద్దనే నేను అంటాను. కోసిన లోహం తిరిగి అతకదు, మార్పులేని డ్యాష్‌బోర్డ్‌లు ఏటికేడు తగ్గిపోతున్నాయి. రేడియోను చోటు కదపకుండా గ్లవ్ బాక్స్ వెనుక బ్లూటూత్ ఉన్న చిన్న యాంప్లిఫైయర్ దాచి, స్పీకర్ తీగలను దానికి కలపవచ్చు. పాత రేడియో కూడా పనిచేయాలంటే దాని స్పీకర్ తీగల నుంచి యాంప్లిఫైయర్‌కు తగిన సన్నని సిగ్నల్ తీసే లైన్ కన్వర్టర్ ఉంది. ఎఫ్ఎం ట్రాన్స్‌మీటర్‌తో సరిపెట్టుకోకండి. ఎఫ్ఎం స్టీరియో ప్రసారంలో 15 కిలోహెర్ట్జ్ పైన శబ్దమే ఉండదు, పైగా ఊరు మారితే మరో స్టేషన్ అడ్డం వస్తుంది. 1990ల నాటి చాలా రేడియోలకు దొంగతనం జరగకుండా కోడ్ ఉంటుంది. బ్యాటరీ విప్పే ముందే ఆ కోడ్ చేతిలో ఉందో లేదో చూసుకోండి.

ఖరీదైన మోడళ్లలో మరో విషయం పరిశీలించాలి. పీ38 తరం రేంజ్ రోవర్ల వంటి వాటిలో కంపెనీయే వేరుగా యాంప్లిఫైయర్లు పెట్టింది. అలాంటి వ్యవస్థల్లో స్పీకర్లు 4 ఓమ్‌ల కన్నా తక్కువవి కావచ్చు. పాత యాంప్లిఫైయర్‌ను తీసేసి ఆ స్పీకర్లను నేరుగా కొత్త హెడ్ యూనిట్‌కు కలిపితే అది వేడెక్కి ఆగిపోతుంది. మీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి స్పీకర్ చివరల మధ్య కొలిస్తే 4 ఓమ్‌ల దానికి మూడున్నర దరిదాపుల్లో, 2 ఓమ్‌ల దానికి రెండుకు కాస్త తక్కువగా చూపిస్తుంది.

అన్నీ బిగించాక, తలుపు ప్యాడ్‌లను పూర్తిగా మూసేయకుండా రెండు మూడు క్లిప్‌లతో నిలబెట్టి ఒకసారి గతుకుల దారిలో నడపండి. తిరిగి వచ్చి స్పీకర్ స్క్రూలు, ఎర్త్ బోల్టు మళ్లీ బిగించండి. అద్దం మీద ఒక బకెట్ నీళ్లు పోసి, అవి తలుపు అడుగు రంధ్రాల్లోంచి ధారగా బయటికి వస్తున్నాయో లేదో చూశాకే ప్యాడ్ మూయండి.